ఎరుపు దాటిన వెలుతురు

కోరుట్లలో సగం ముక్కుల మీద నా చేతిపని కూర్చుని ఉంటుంది. ముప్పయ్యారేళ్లుగా నాది కళ్లద్దాల దుకాణం. పేరు అమీనుద్దీన్. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటావిడ హఫీజా అంటుంది. అద్దాలవాడికి ఏదైనా ముక్కు మీదే ఉండాలి కదా అని నేనంటాను. ఇలా నవ్వుతూ మొదలుపెట్టానంటే, అసలు సంగతి చెప్పడానికి నోరు రావడం లేదని అర్థం. చెప్పాల్సింది యాదగిరి కుడి కన్ను గురించి. దాన్ని పాడుచేసింది నేను.

యాదగిరిది రుద్రంగి. సెంటు భూమి లేదు. పదేళ్లు సిరిసిల్లలో మరమగ్గాల మీద, అంటే వాళ్ల మాటలో సాంచాల మీద పనిచేశాడు. వందల పోగుల్లో ఒక్కటి తెగినా నిలబడ్డ చోటి నుంచే పట్టేసే కన్ను ఆయనది. సాంచాల పని తగ్గాక ఊరికి తిరిగొచ్చి, దొరికిన కూలి చేసుకుంటూ, మొన్న చలికాలంలో మా నిఖత్ దగ్గర కుదిరాడు.

నిఖత్ నా కూతురు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. వాళ్లు తయారుచేసిన ఉపగ్రహం, బీరువా అంత ఉంటుందట, పైకి వెళ్లిన నాలుగు నెలలకు మూగబోయింది. రేడియోలో ఎంత పిలిచినా పలకదు. అది నిలకడగా తిరుగుతోందా, పల్టీలు కొడుతోందా తెలిస్తే గాని ఏం చేయాలో తోచదు. తెలియాలంటే కింద నుంచి దుర్బిణితో చూడాలి. ఇక్కడే ఒక చిక్కుంది. అది మన మీదుగా పోయేది రెండే వేళల్లో, అర్ధరాత్రీ మిట్టమధ్యాహ్నమూ. అర్ధరాత్రి అది భూమి నీడలో ఉంటుంది కాబట్టి కనబడదు. మధ్యాహ్నం దాని మీద ఎండ పడుతుంది గాని, చుట్టూ ఆకాశమే వెలిగిపోతూ ఉంటుంది. ఆ వెలుగులోనే దాన్ని వెతికి పట్టుకోవాలి.

చిన్నప్పుడు మా నాన్న కోపమొస్తే పట్టపగలు చుక్కలు చూపిస్తానని బెదిరించేవాడు. నా కూతురు అదే పనికి జీతం తీసుకుంటోందని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. గొప్పలు చెప్పుకోవడంలో నేను ఎప్పుడూ వెనకబడలేదు.

రుద్రంగి అవతల గుట్ట మీద బండకు దుర్బిణి బిగించారు. కంప్యూటరు గుట్ట కింద రేకుల గదిలో. ఈ పని కోసం కోరుట్లలో మా ఇంట్లోనే దిగిన నిఖత్ రోజూ వచ్చి ఆ గదిలో కూర్చుంటే దుర్బిణి తనంతట తాను తిరుగుతుంది. యాదగిరి పైన ఉంటాడు. దుర్బిణి గొట్టానికి ముందు ఎండ పడకుండా సిరిసిల్ల నల్లగుడ్డతో కుట్టిన పొడుగాటి తొడుగు ఉండేది, దాన్ని తొడగడం, తీయడం ఆయన పని. ఇంకో పని మబ్బులు చూడటం. కంటికి ఆననంత పల్చటి మబ్బు సూర్యుడి వైపు నుంచి జారి వచ్చినా కంప్యూటరు తెర మొత్తం తెల్లబడిపోతుంది. కాబట్టి యాదగిరి సూర్యుడి పక్కనే చూస్తూ ఉండాలి. చూసి ఫోన్లో చెప్పాలి. "మబ్బు అస్తున్నది మేడం." "పోయింది మేడం." రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇదే.

అందరూ పనిలో ఉండే వేళ ఆకాశం చూస్తూ కూర్చునే ఉద్యోగం కాబట్టి ఊళ్లో ఆయన్ని ఏడిపించేవారట. ఆయన మాత్రం ఆ పనిని సాంచా నడిపినంత శ్రద్ధగా చేశాడు.

డిసెంబరులో ఒకరోజు దుకాణానికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సాబ్, గా ఎండకు కండ్లు గుంజుతున్నయ్. నీళ్లు కారుతున్నయ్. మంచి నల్లద్దాలు ఉంటె ఇయ్యుండ్రి."

మామూలు నల్లద్దాలు సూర్యుడికి పనికిరావు. అది నాకు తెలుసు. గ్రహణం వచ్చినప్పుడల్లా దుకాణం ముందు బోర్డు పెట్టి మరీ చెప్పేవాడిని. అందుకే గట్టి అద్దం కోసం ఆలోచించాను. అప్పుడు నిఖత్ పెట్టెలోని ముక్క గుర్తుకొచ్చింది. దుర్బిణిలో కెమెరా ముందు బిగించే గుండ్రటి నల్లద్దం, అంచు పగిలిందని పక్కన పడేసింది. దాని సంగతి నిఖత్ నాకు ఒకసారి అన్నం తింటూ చెప్పింది. ఆకాశపు నీలం వెలుతురును అది ఆపేస్తుందట. ఎరుపు దాటిన తర్వాత ఇంకో వెలుతురు ఉంటుందట, మన కంటికి కనబడనిది. దాన్ని మాత్రం లోపలికి పంపుతుందట. అందువల్ల పగటి ఆకాశం కెమెరాకు చీకటిగా కనబడి, ఉపగ్రహం చుక్కలా తేలుతుందట. నేను 'ఆపేస్తుంది' దాకా విన్నాను. తర్వాత హఫీజాను పులుసు అడిగాను.

మా పనిలో నల్లద్దానికి పరీక్ష ఒకటుంది. దుకాణంలో ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తాం. వెలుగు ఎంత ఆగితే అంత గట్టి అద్దం. ఆ ముక్కను పట్టి చూస్తే ట్యూబ్‌లైటు అసలు కనబడలేదు. గల్లీలోకి వచ్చి సూర్యుడికి పట్టాను. ముదురు ఎరుపు రంగులో, చల్లారిన నిప్పులా, హాయిగా ఉన్నాడు. ఇంతకన్నా మంచి అద్దం ఈ జిల్లాలోనే లేదనుకున్నాను.

ఒకటే ముక్క కాబట్టి అంచు అరగదీసి పాత ఫ్రేములో కుడి వైపు బిగించాను. ఎడమ వైపు నల్ల అట్ట అతికించాను. యాదగిరి పెట్టుకుని గల్లీలో నిలబడి పైకి చూశాడు.

"అబ్బ, ఎంత సల్లగున్నడు సాబ్!" అన్నాడు. పైసలు వద్దన్నాను. పైసా కూడా వదలని పిసినారినని నాకు పేరు, ఆ రోజు మాత్రం ధర్మాత్ముడిలా ఇంటికి వెళ్లాను.

నెలన్నర గడిచింది. జనవరి చివర్లో దుర్బిణి తొడుగు గుడ్డ పట్టుకుని యాదగిరి మళ్లీ దుకాణానికి వచ్చాడు. నిఖత్ కోసం బ్యాటరీ తీసుకుపోవడానికి కోరుట్ల వచ్చాడట. గుడ్డను వెలుతురుకు పట్టి, సాంచా మీద పోగు చూసే అలవాటు చొప్పున ఎడమ కన్ను మూసి చూపించాడు.

"సాబ్, గీ నడుమ పోగు తెగింది. సన్న తూటు వడ్డది. వెలుగు లోపటికి పోతదేమో, మేడంకు చెప్పాలె."

నేను చూశాను. వేలితో తడిమాను. భూతద్దం పెట్టి చూశాను. పోగు తెగలేదు, తూటూ లేదు.

"ఏడ తెగింది?"

"అగో, గాడ." వేలు చూపించాడు. నేను గుడ్డను ఒక జానెడు పక్కకు జరిపాను. తూటు దానితో పాటు జరగలేదు. ఆయన వేలు గుడ్డ వెంట పోలేదు, చూపు వెంట పోయింది.

ముప్పయ్యారేళ్ల అద్దాలవాడికి ఆ ఒక్క క్షణం చాలాలి. చాలలేదు. నలభై ఆరేళ్లు కదా, వయసు వచ్చింది యాదగిరీ అని ఎగతాళి చేసి, దగ్గరి చూపుకు ఒకటిన్నర పాయింటు అద్దాలిచ్చి పంపాను. దానికీ పైసలు తీసుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం నేను గుట్టకు అన్నం డబ్బా తీసుకెళ్లాను. ఆ రోజే ఉపగ్రహం దొరికింది. రేకుల గదిలో నిఖత్ అరిచిన అరుపుకు నా చేతిలో డబ్బా జారినంత పనైంది. నల్లటి తెర నడుమ తెల్లటి చుక్క. పట్టపగలు, నిజంగానే చుక్క. వెలుగుతూ, మసకేస్తూ, మళ్లీ వెలుగుతూ. నిమిషానికి రెండుసార్లు మెల్లగా పల్టీ కొడుతోందని, ఇంకా దాన్ని దారికి తెచ్చుకోవచ్చని నిఖత్ ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. అది దాటిపోయాక యాదగిరిని పైనుంచి పిలిచి, రికార్డయిన బొమ్మను తెర మీద నిలిపి చూపించింది.

"మీరు మబ్బు చెప్పకుంటె ఇది దొరికేది కాదు. చూడుండ్రి, ఎట్లున్నది?"

యాదగిరి గడప దగ్గరే నిలబడి ఎడమ కన్ను మూశాడు. కాసేపు చూశాడు.

"ఏది మేడం? నడుమ ఏం లేదుగద."

నిఖత్ నవ్వు ఆగిపోయింది. "రెండు కండ్లతోని చూడుండ్రి."

చూశాడు. "ఆఁ, గిప్పుడు ఉన్నది. సన్నగ మెరుస్తున్నది." మళ్లీ ఎడమ కన్ను మూశాడు. "పోయింది." తెరిచాడు. "అచ్చింది." పిల్లల ఆట దొరికినట్టు ఆయన నవ్వాడు. ఆ గదిలో నవ్వింది ఆయనొక్కడే.

జగిత్యాలలో కళ్ల డాక్టరుకు గురువారం చూపిద్దామని, అప్పటి దాకా గుట్టకు రావొద్దని నిఖత్ ఆయనకు చెప్పింది. వెళ్లేముందు ఏం పెట్టుకుని సూర్యుణ్ని చూస్తున్నావని అడిగింది. సాబ్ ఇచ్చిన అద్దం అని సంచీ తట్టి చూపి, గర్వంగా నా వైపు చూశాడు.

సాయంత్రం ఇంట్లో నిఖత్ నా ఎదురుగా కూర్చుంది. మేం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, ఇక్కడ మా ఊరి తెలుగులో రాస్తున్నాను, నాన్నను పిలిచే 'అబ్బా' మాత్రం అలాగే ఉంచాను.

"అబ్బా, పెట్టెల పగిలిన అద్దం ఏమైంది?"

చెప్పాను. ట్యూబ్‌లైటు పరీక్ష సంగతి కూడా చెప్పాను. ఇంకా అప్పటికీ సమర్థించుకుంటూనే ఉన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. అలాంటిదే ఇంకో నల్లద్దం తెచ్చింది. టీవీ రిమోటు నా చేతికిచ్చింది. రిమోటు మూతి ముందు ఆ అద్దం పట్టి, తన ఫోను కెమెరా అటు తిప్పింది.

"ఒత్తు."

ఒత్తాను. కంటికి ఏమీ కనబడలేదు. ఫోను తెర మీద మాత్రం ఆ నల్లద్దంలోంచి తెల్లటి వెలుగు మిలమిలా మెరిసింది. అడ్డమే లేనట్టు వచ్చేస్తోంది.

"ఎరుపు దాటిన వెలుతురు అంటె గిదే. నీ ట్యూబ్‌లైటుల ఇది ఉండది. సూర్యునిల నిండ ఉంటది. అద్దం నల్లగున్నదని కంటిపాప పెద్దగైతది, వేడి మొత్తం లోపటికే పోతది. నొప్పి తెల్వది. దగ్గర దగ్గర రెండు నెలల నుంచి రోజు రెండు గంటలు, అబ్బా."

రిమోటు ఇంకా ఒత్తుతూనే ఉన్నానని హఫీజా వచ్చి తీసుకున్నాక తెలిసింది.

"రేపే పోయి గా అద్దం తీస్కరా," అంది నిఖత్. "ఎందుకో చెప్పు. నేను చెప్పొచ్చు, గానీ చెప్పాల్సింది నువ్వు."

మంగళవారం రుద్రంగి వెళ్లాను. యాదగిరి భార్య బాలమణి కుర్చీ తుడిచి వేసింది, టీ పెట్టింది. "సాబ్ మా ఇంటికి అచ్చిండు" అని పక్కింటికి వినబడేట్టు చెప్పింది. అద్దాల ఫ్రేము మేకుకు వేలాడుతోంది. అడగాలి. అడిగితే ఎందుకో చెప్పాలి. చెబితే ఆ పక్కిల్లు, ఆ వాడ, రుద్రంగి, కోరుట్ల... నా ముప్పయ్యారేళ్లు గుర్తొచ్చాయి. ఆయన కన్ను గుర్తు రావాల్సిన చోట నా బోర్డు గుర్తొచ్చింది. టీ తాగాను. గుట్టకు పోవడం ఎలాగూ మానేశాడు కదా, డాక్టరు చెప్పాక చూద్దామనుకున్నాను. లేచి వచ్చేశాను.

రాత్రి నిఖత్ అడిగింది. తీసుకున్నాను, చెప్పాను అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

గురువారం యాదగిరిని స్కూటరు మీద జగిత్యాల తీసుకెళ్లాను. చుక్కలు వేసి, కంటి వెనక పొరకు ఫోటో తీశారు. డాక్టరు కుడి కంటితో గోడ గడియారం చూడమన్నాడు.

"చుట్టూ అంకెలున్నయ్ సార్. నడుమ ముల్లులు లేవు."

గుమ్మంలో నిలబడ్డ నర్సమ్మను చూడమన్నాడు.

"బుజాలున్నయ్. మొఖం లేదు."

డాక్టరు నిట్టూర్చాడు. చూపు నడిమి భాగం కాలిందన్నాడు. దానికి మందు లేదు, నెలలు గడిస్తే కొంత తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు అన్నాడు. "సూర్యుణ్ని చూశావా?"

"చూసిన సార్. అద్దం వెట్కునే చూసిన."

"అద్దం పెట్టుకుంటే ఇలా కాదు. ఉత్త కళ్లతో చూసి ఉంటావు. దాచకుండా చెప్పు."

"లేదు సార్. అమీన్ సాబ్ చేసిచ్చిన అద్దం. సాబ్ అద్దం ఉండంగ ఎట్లయితది?"

డాక్టరు నా వైపు చూశాడు. ఈయనేనా సాబ్ అన్నట్టు. నోరు తెరిస్తే చాలు. నేను గోడ గడియారం వైపు చూశాను. నాకు ముళ్లు బాగానే కనబడ్డాయి, పదకొండుకు పది నిమిషాలు. డాక్టరు చీటీ రాస్తూ, "అబద్ధాలు చెబితే నష్టం నీకే" అని యాదగిరిని కసిరాడు. యాదగిరి తల వంచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మేడిపల్లి దాకా వచ్చాం. అక్కడ రోడ్డు పక్క కొట్టు దగ్గర టీ కోసం ఆగాం. గ్లాసు చేతిలో పట్టుకుని యాదగిరి మెల్లగా అన్నాడు.

"డాక్టర్ సాబ్ అన్నది నిజమే గావచ్చు. ఒక్కోసారి నొసలు తుడ్సుకునేటందుకు అద్దం తీస్తుంటి. అప్పుడు వడ్డదేమో ఎండ. మీ అద్దానికి పేరు చెడగొట్టిన సాబ్."

నాకు తల కొట్టేసినట్టయింది. నా అబద్ధాన్ని ఆయన తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇంక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. ట్యూబ్‌లైటు, రిమోటు, గుడ్డ మీద లేని తూటు, మంగళవారం తాగిన టీ. చెబుతూ ఆయన ముఖం చూడలేక టీ గ్లాసునే చూశాను.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగాడు.

"మరి బాలమణి?"

"బాలమణికి ఏమైంది?"

"నిన్నటి సంది గుట్ట మీద ఆమెనే ఉంటున్నది గద సాబ్. నేను రాకుంటె పని పోతదని మేడంను అడిగి పోతున్నది. మబ్బు చూస్తున్నది. గా అద్దం వెట్కొనే."

కూలిచేసుకునే ఇళ్లల్లో ఒకరు పడుకుంటే ఇంకొకరు ఆ పనికి వెళతారు. ఇది తెలియనివాడు ఈ నేల మీద ఉండడు. నాకు తట్టలేదు. బాలమణి వస్తోందని నిఖత్‌కు తెలుసు, కాని ఆమె లెక్కలో ఆ అద్దం నా దగ్గరుంది; సూర్యుడికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని పక్కలే చూడమని బాలమణికి చెప్పిందట. టైము చూశాను. పదకొండు నలభై.

యాదగిరి బాలమణికి ఫోను చేశాడు. ఎత్తలేదు. అది అన్నం సంచీలో ఉంటుందన్నాడు. నేను నిఖత్‌కు చేశాను. ఎత్తగానే, ఇప్పుడే పైకి వస్తోంది అబ్బా, తర్వాత మాట్లాడతా అంది. ఉపగ్రహం సంగతి.

"బాలమణి దగ్గర అద్దం," అన్నాను. "నేను తేలేదు."

ఫోనులో కుర్చీ పడిన చప్పుడు. తర్వాత పరుగు, రాళ్లు దొర్లడం, ఆయాసం. బాలమణక్కా, అద్దం తియ్యి, కిందికి చూడు, కిందికి చూడు అని అరుపు. ఆ గుట్ట ఎక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. యాదగిరి నా ఎదురుగా నిలబడి నా చేతిలోని ఫోనునే చూస్తూ ఉన్నాడు.

"తీసిన అబ్బా," అంది చివరికి నిఖత్. ఊపిరి అందడం లేదు. "తీసుకున్ననని నువ్వే అన్నవ్. నేను నీ చెయ్యి గూడ పట్టుకున్న."

యాదగిరి ఫోను అందుకున్నాడు.

"మేడం, బాలమణి దూరంగ నిలవడాలె. ఎడమ కన్ను మూసి మీ మొఖం చూడాలె. ఏం కనవడుతున్నదో అడుగుండ్రి."

రోడ్డు మీద రెండు లారీలు పోయాయి. ఆయన ఫోనును చెవికి అదిమిపట్టి వింటున్నాడు. నాకేమీ వినబడలేదు. తర్వాత ఆయన భుజాలు దిగాయి.

"మొఖం ఉన్నదట. కండ్లద్దాలు గూడ ఉన్నయట," అన్నాడు నాతో కాదు, ఊరికే. నిఖత్ అద్దాలు నేను చేసినవే. డాక్టరుకు ఎందుకైనా మంచిది చూపిద్దామని నిఖత్ అన్నట్టుంది, అట్లనే మేడం అన్నాడు. ఫోను నాకిచ్చాడు.

స్కూటరు దగ్గరికి నడిచాను. ఆయన రాలేదు. చొక్కా జేబులోంచి నేనిచ్చిన ఒకటిన్నర పాయింటు అద్దాలు తీసి, టీ గ్లాసు పక్కన జాగ్రత్తగా పెట్టాడు. రోడ్డు దాటి, బస్సులు ఆగే చోట నిలబడ్డాడు. యాదగిరీ అని పిలిచాను. ఇటు తిరిగాడు. సాంచా మీద పోగు చూసేవాడిలా ఎడమ కన్ను మూసి, రోడ్డు అవతల నుంచి నన్ను చూశాడు.

"గిట్ల చూస్తె మీ మొఖం లేదు సాబ్," అన్నాడు. "గిట్లనే నయమున్నది."

కోరుట్ల బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు.

కొట్టతను గ్లాసులు తీయడానికి వచ్చి, ఈ అద్దాలు ఎవరివని అడిగాడు. నావేనన్నాను.